ఇంట్లో సెంటు జెల్లు, జెల్లీ బేసులు: తరచుగా అడిగే ప్రశ్నలు

సెంటు జెల్ చేద్దామని మొదలుపెట్టినవాళ్ళు దాదాపు అందరూ ఇవే అడుగుతారు. నేను విజయవాడలో ఉంటాను. మా వంటింట్లోనే చిన్న మోతాదుల్లో చేసుకుంటాను. అందుకే ఇక్కడి కొలతలు, జాగ్రత్తలు మన ఎండకీ ఉక్కకీ తగ్గట్టు ఉంటాయి. చలిదేశాల్లో ఉన్నవాళ్ళకి కొన్నిచోట్ల ఇంత హడావుడి అక్కర్లేదు.

సెంటు జెల్ అంటే గదిలో పెట్టేదా, ఒంటికి రాసుకునేదా?

రెండింటినీ ఆ పేరుతోనే పిలుస్తారు. సగం తప్పులు అక్కడే జరుగుతాయి. గదిలో పెట్టే జెల్‌లో సెంటు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు, చర్మానికి తగలదు కాబట్టి. ఒంటికి రాసుకునేదానిలో చుక్కలు లెక్కపెట్టుకోవాలి. ఇవి కాక మూడోది ఉంది. అందులో నీళ్ళే ఉండవు, మైనం, నూనె మాత్రమే.

ఏది చేసినా ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇందులో నీళ్ళున్నాయా, లేవా? నీళ్ళుంటే బూజు పడుతుంది. పైగా సెంటు నూనె నీళ్ళలో కలవదు. నీళ్ళు లేకపోతే ఈ రెండు బాధలూ లేవు కానీ, జిడ్డుగా ఉంటుంది, ఎండకి మెత్తబడుతుంది. కింద మీరు చదవబోయే సమస్యల్లో చాలావాటికి మూలం ఇదే.

ఎప్పుడూ చేయలేదు. దేనితో మొదలుపెట్టమంటారు?

మైనం జెల్లీతో. బూజు భయం లేదు, ప్రిజర్వేటివ్ అక్కర్లేదు, పాడైతే మళ్ళీ కరిగించి సరిచేసుకోవచ్చు.

తేనె మైనం 10 గ్రాములు, బాదం నూనె గానీ జొజోబా నూనె గానీ 25 గ్రాములు, అత్తరు 5 గ్రాములు తీసుకోండి. ఒక గిన్నెలో నీళ్ళు కాచి, అందులో గాజు గ్లాసు పెట్టి మైనం, నూనె కరిగించండి. తేనె మైనం 62-64 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నేరుగా మంట మీద పెట్టే పనే లేదు. పెడితే మాడిన వాసన అత్తరుని మింగేస్తుంది. దించాక, అంచుల్లో తెల్లగా గట్టిపడటం మొదలైనప్పుడు అత్తరు కలిపి వెంటనే చిన్న డబ్బాల్లో పోసేయండి.

ఇది కొంచెం గట్టిగా, వేలితో రుద్ది తీసుకునేలా వస్తుంది. పెట్రోలియం జెల్లీలా మెత్తగా కావాలంటే మైనం ఒక పాలుకి నూనె అయిదు పాళ్ళు వేయండి. డిసెంబరులో ఇది చక్కగా ఉంటుంది. మే నెలలో హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బస్సెక్కితే నూనె ఊరి డబ్బా మూతలోంచి బయటికొస్తుంది. కొబ్బరినూనె వాడితే ఇంకా త్వరగా మెత్తబడుతుంది, అది 24 డిగ్రీలకే కరుగుతుంది. నాకు నచ్చింది మాత్రం బాదం నూనెలో నాలుగో వంతు ఆముదం కలపడం. ఆముదం చిక్కన, జెల్లీకి నిగారింపు వస్తుంది, సెంటుని కూడా బాగా పట్టి ఉంచుతుంది. దాని సొంత వాసన పడనివాళ్ళు మానేయొచ్చు.

వాజెలిన్‌లో సెంటు కలిపితే అది సహజమైన జెల్లీ అవుతుందా?

కాదు. అది పెట్రోలియం నుంచి వచ్చేది. రాబర్ట్ చీజ్‌బ్రో అనే ఆయన 1872లో అమెరికాలో దానికి పేటెంట్ తీసుకున్నాడు. అలాగని చెడ్డదేమీ కాదు. శుద్ధి చేసిన పెట్రోలియం జెల్లీ కుళ్ళదు, ముక్కిపోదు. మొక్కల సరుకే కావాలనుకుంటేనే మైనం దారి పట్టండి.

నీళ్ళ జెల్‌కి బేస్‌గా మన దగ్గర ఏమేం దొరుకుతాయి?

చాలానే. కానీ జుట్టుకి పనికొచ్చేదల్లా సెంటుకి పనికి రాదు. బేస్‌కి సొంత వాసన ఉండకూడదు.

అవిసె గింజల జెల్ చవక, చర్మానికి హాయిగా ఉంటుంది. దానికి గింజ వాసన కొద్దిగా ఉంటుంది గానీ గంధం, వట్టివేరు లాంటి బరువైన వాసనల కింద అణిగిపోతుంది. మెంతుల జిగురు సంగతి వేరు. మీరు ఏ అత్తరు పోసినా చివరికి మెంతి వాసనే నెగ్గుతుంది. మందారాకు, బెండకాయ జిగురులు తలకి రాసుకోవడానికి బాగుంటాయి, సెంటుకి వద్దు. సబ్జా గింజల చుట్టూ జిగురు వస్తుంది కానీ గింజ నుంచి దాన్ని విడదీయడం పెద్ద తలనొప్పి.

బంకల్లో బాదం బంక గానీ, షర్బత్తుల్లో వేసే గోంద్ కతీరా గానీ రాత్రంతా నానబెడితే మెత్తటి ముద్దలా ఉబ్బుతుంది. వాసన లేదు. కానీ నున్నగా రాదు, మిక్సీ పట్టినా పలుకులు తగులుతాయి. గదిలో గాజు గిన్నెలో పెట్టుకోవడానికి మాత్రం అందంగా ఉంటుంది. తుమ్మ బంక నీళ్ళలో పూర్తిగా కరుగుతుంది, అయితే జెల్ అవదు, జిగురవుతుంది. కాగితాలు అంటించే పని దానిది.

తపసి బంక గురించి ఒక మాట. మన ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనులు సేకరించే సరుకు ఇది. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ వాళ్ళ దగ్గర కొంటుంది. బయటి దేశాల్లో కట్టుడుపళ్ళు అంటించే పొడుల్లో కూడా వాడతారు. అంత మంచి బంకకి సెంటు విషయంలో ఒక్కటే లోపం, దానికి సహజంగానే వెనిగర్ లాంటి పులుపు వాసన ఉంటుంది. పొడి చేసి నిలవ ఉంచితే ఇంకా తెలుస్తుంది. నేను రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను.

చిన్నప్పుడు పొలాల గట్ల మీద దూసర తీగ ఆకులు నలిపి నీళ్ళలో పిండి, కాసేపటికి ఆకుపచ్చ జెల్లీ పేరుకుంటే చూసి మురిసినవాళ్ళు చాలామందే ఉంటారు. కాచే పని లేదు, చల్లటి నీళ్ళలోనే గడ్డకడుతుంది. దాన్ని బేస్‌గా వాడొచ్చా అని అడుగుతుంటారు. ఆకు వాసన పోదు, రంగు పోదు, ఎక్కువ రోజులు నిలవ ఉండదు. పిల్లలకి చేసి చూపించడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

ఇక పొడులు. గ్వార్ గమ్ అంటే గోరుచిక్కుడు గింజల పిండి. జెల్ బాగా వస్తుంది, కొంచెం చిక్కుడు వాసన, కొంచెం మసక. జాంథన్ గమ్‌ని చక్కెరలు పులియబెట్టి ఒక రకం బాక్టీరియాతో తయారుచేస్తారు. వాసన లేదు, తక్కువ చాలు, ఎండకి చెక్కు చెదరదు. ఒంటికి రాసుకునే సెంటు జెల్‌కి నా ఓటు దానికే. గదిలో పెట్టే గట్టి జెల్లీకి అగర్ అగర్. బేకరీ సరుకులమ్మే చోట చైనా గ్రాస్ అని అడిగితే ఇస్తారు, సముద్రపు నాచు నుంచి తీస్తారు.

అవిసె గింజల జెల్ వడకట్టడానికి చెయ్యి నొప్పి పుడుతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఎక్కువ కాచారు. పావు కప్పు గింజలకి రెండు కప్పుల నీళ్ళు పోసి, పొంగు వచ్చాక సన్నసెగ మీద కలుపుతూ ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. గరిటె ఎత్తితే కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగాలి. ఆ క్షణంలో దించి, వేడిగానే వడకట్టాలి. చల్లారాక చూద్దాంలే అనుకుంటే గింజలు, జెల్ ఒకే ముద్ద అవుతాయి. టీ వడపోతతో అవదు. పాత నైలాన్ చున్నీ ముక్క శుభ్రంగా ఉతికి అందులో పోసి పట్టకారతో నొక్కండి. ముద్దయిపోయినదానిలో మరో కప్పు వేడినీళ్ళు పోసి రెండు నిమిషాలు కాస్తే మళ్ళీ దారికొస్తుంది.

పెరట్లో కలబంద మిక్సీ వేస్తే నీళ్ళవుతోంది. షాపులో అమ్మేది మాత్రం అంత గట్టిగా ఎలా ఉంటుంది?

కలబంద గుజ్జు స్వభావమే అంత, మిక్సీ తగిలితే పలచబడుతుంది. షాపులో డబ్బా మీద 99 శాతం అని ఉన్నా, దాని గట్టిదనం కలబందది కాదు. కార్బోమర్ అనే పొడిది, లేదా అలాంటి మరొకదానిది. వెనక సన్న అక్షరాలు చదవండి, కనబడుతుంది.

సరదాకి ఒక ప్రయోగం చేయండి. కార్బోమర్ ఉన్న జెల్ చెంచాడు తీసుకుని దానిమీద చిటికెడు ఉప్పు వేసి కలపండి. చూస్తుండగానే నీరైపోతుంది. కార్బోమర్‌కి లవణాలు పడవు. ఇంటి కలబంద రసంలోనూ లవణాలుంటాయి. అందుకే ఇంట్లో తయారుచేసిన రసాన్ని అలాంటి జెల్‌లో కలిపితే జారుగా అవుతుంది. కలబందే వాడాలనుకుంటే జాంథన్ గమ్‌తో గట్టిపరచండి, దానికి ఈ బాధ లేదు.

ఆకు కోశాక పసుపు రంగు పాలు కారుతుంది కదా, అది చర్మానికి దురద పెట్టొచ్చు. ఆకుని అరగంట నిలువుగా నిలబెట్టి, అది కారిపోయాక కడిగి అప్పుడు చెక్కు తీయండి.

ఒంటికి రాసుకునే సెంటు జెల్‌కి సరైన కొలతలు చెప్పండి.

100 గ్రాముల జెల్‌కి: డిస్టిల్డ్ వాటర్ గానీ అసలైన రోజ్ వాటర్ గానీ 88 గ్రాములు, గ్లిజరిన్ 5, జాంథన్ గమ్ 1, సెంటు నూనె 1, పాలిసార్బేట్ 20 (నూనెని నీళ్ళలో కలిపి ఉంచేది) నాలుగు గ్రాములు, ఫినాక్సీఇథనాల్ ఆధారంగా ఉండే ప్రిజర్వేటివ్ 1 గ్రాము. ప్రిజర్వేటివ్ సీసా మీద ఇంకో మోతాదు రాసి ఉంటే అదే పాటించండి. చెంచాల లెక్క ఇక్కడ పనికిరాదు. బంగారం తూచే తరహా చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, ఖరీదు పెద్దగా ఉండదు.

వరుస ముఖ్యం. జాంథన్ గమ్‌ని నేరుగా నీళ్ళలో వేస్తే చేపకళ్ళలాంటి ఉండలు కడతాయి. రాత్రంతా వదిలేసినా కరగవు. ముందు పొడిని గ్లిజరిన్‌లో ముద్దలా కలపాలి. తర్వాత నీళ్ళు పోస్తూ గిలకొట్టాలి. పది నిమిషాల్లో జెల్ అవుతుంది. వేరే చిన్న గిన్నెలో సెంటు నూనె, పాలిసార్బేట్ కలిపి అటూ ఇటూ తిప్పి, అది పారదర్శకంగా మారాక జెల్‌లో వేయండి. చివర ప్రిజర్వేటివ్.

బుడగలు చాలా వస్తాయి. రాత్రంతా మూతపెట్టి వదిలేస్తే కొన్ని పోతాయి, అన్నీ పోవు. జాంథన్ జెల్ అద్దంలా ఉండదు, మబ్బుగానే ఉంటుంది. అదంతే.

పాలిసార్బేట్ పేరు వింటేనే రసాయనంలా ఉంది. అది లేకుండా చేయలేమా?

చేయొచ్చు. నూనె మాత్రం పైకి తేలుతుంది. మొదటి వారం పైపైన తీసుకున్నప్పుడు మీ మణికట్టుకి తగిలేది ఒక శాతం సెంటు కాదు, దాదాపు పచ్చి నూనెచుక్కే. మంట, దద్దురు వచ్చేది అప్పుడే. అది వద్దనుకుంటే నీళ్ళ జెల్ మానేసి మైనం జెల్లీ చేసుకోండి, అక్కడ నూనె నూనెలోనే కలుస్తుంది. లేదా నూనె అసలు వేయకుండా మంచి రోజ్ వాటర్‌నో, మొగలి నీళ్ళనో బేస్‌గా తీసుకోండి. మొగలికి పేరున్నది ఒడిశాలోని గంజాం జిల్లా, మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే బరంపురం చుట్టుపక్కల. అక్కడి నుంచి వచ్చే మొగలి నీళ్ళతో చేసిన జెల్ పలచటి వాసనే ఇస్తుంది. వేసవి మధ్యాహ్నం మెడ వెనక రాసుకుంటే అంతకంటే ఏం కావాలి.

జెలటిన్‌తో రూమ్ ఫ్రెషనర్ జెల్ చేశాను. రెండో రోజుకే నీళ్ళయింది. ఎందుకు?

నేనూ ఏప్రిల్లో మొదటిసారి అదే చేశాను. ఉదయం చక్కగా గట్టిపడింది, ఫొటోలు కూడా తీశాను. మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగాక టీపాయ్ మీద ఎర్రటి మడుగు మిగిలింది.

విదేశీ వీడియోల్లో అందరూ జెలటిన్‌తోనే చేస్తారు, వాళ్ళ గదుల్లో 20 డిగ్రీలుంటుంది. జెలటిన్ జెల్ 30-35 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. మన ఊళ్ళలో వేసవిలో నీడలోనే 40 దాటుతుంది. ఇంకో సంగతి, జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీస్తారు. దేవుడి గదిలో పెడదామనుకునేవాళ్ళు ఇది తెలుసుకుని ఉండాలి.

అగర్ ఈ రెండు చిక్కులూ తీరుస్తుంది. ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ కరగాలంటే 85 డిగ్రీలు దాటాలి. మన రోహిణి కార్తె దాన్నేమీ చేయలేదు. అర లీటరు నీళ్ళలో 7-8 గ్రాముల అగర్ పొడి చల్లగా ఉన్నప్పుడే కలిపి, కలుపుతూ మరిగించి, మరిగాక రెండు మూడు నిమిషాలు ఉంచండి. పొడి కణాలు కనపడకూడదు. దించాక 25 గ్రాముల గ్లిజరిన్, 2 గ్రాముల సోడియం బెంజోయేట్ (ఇది ప్రిజర్వేటివ్), 1 గ్రాము నిమ్మ ఉప్పు వేయండి. గిన్నె పట్టుకోగలిగేంత వేడికి వచ్చాక, అంటే 50 డిగ్రీల దగ్గర, 10 నుంచి 15 గ్రాముల సెంటుని అంతే పాలిసార్బేట్‌తో కలిపి పోసి తిప్పండి. సీసాల్లో వెంటనే నింపాలి. 40 డిగ్రీలకి అటూ ఇటూగా అది బిగుసుకుంటుంది, మాట్లాడుతూ కూర్చుంటే గిన్నెలోనే జెల్లీ అవుతుంది.

నిమ్మ ఉప్పుని అగర్‌తో పాటు మరిగించకండి. పులుపులో ఉడికితే అగర్ బలం తగ్గి జావగా వస్తుంది.

అగర్ జెల్లీ చుట్టూ నీరు ఊరుతోంది. పాడైపోయిందా?

పాడవలేదు. అగర్‌కి చెమట పట్టడం అలవాటు. మరిగించేటప్పుడు అగర్‌తో పాటు ఒక గ్రాము గ్వార్ గమ్ వేస్తే తగ్గుతుంది. ఊరిన నీటిని పారబోయకుండా అలాగే ఉంచినా ఆరిపోతుంది. రోజులు గడిచేకొద్దీ జెల్లీ చిన్నబడి, చివరికి ఎండిన జీడిలా మిగలడం కూడా మామూలే, వాసన గాలిలో కలుస్తోందనడానికి గుర్తు అది.

ఉప్పు వేస్తే, విటమిన్ ఇ వేస్తే బూజు పట్టదంటారు. నిజమేనా?

కాదు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా.

అర లీటరుకి ఒక పెద్ద చెంచా ఉప్పంటే దాదాపు మూడున్నర శాతం, సముద్రపు నీటిలో ఉన్నంత. ఆవకాయ నిలవ ఉండేది అంత కొంచెం ఉప్పుతో కాదని మనకి తెలుసు. విటమిన్ ఇ నూనెలు ముక్కిపోకుండా కాపాడుతుంది. మైనం జెల్లీలో వేసుకోండి, మంచిదే. సూక్ష్మజీవుల్ని మాత్రం అది ఆపదు. టీ ట్రీ, లవంగ నూనెలకి సూక్ష్మజీవుల్ని చంపే గుణం ఉన్నమాట నిజమే. కానీ మనం వాసన కోసం వేసే ఒక శాతం దానికి చాలదు. చాలేంత వేస్తే చర్మం ఊరుకోదు.

కళ్ళకి బూజు కనబడకపోతే బాగున్నట్టే అనుకోవడం రెండో పొరపాటు. బాక్టీరియా కనబడదు. జెల్ పలచబడటం, పుల్లటి వాసన, రంగు మారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పారేయండి. ఒకసారి అవిసె జెల్‌ని అందంగా సీసాలో పోసి మా వదినకి ఇచ్చాను. పది రోజుల తర్వాత ఫోన్ చేసి, "పైన నల్లగా పూలు పూశాయి, డిజైనా?" అని అడిగింది.

సోడియం బెంజోయేట్ చవక, సులువుగా దొరుకుతుంది. అయితే అది పనిచేసేది పులుపులోనే. పీహెచ్ 5 కంటే తక్కువ ఉండాలి, 4-4.5 మధ్య ఉంటే మేలు. నిమ్మ ఉప్పు వేసేది అందుకే. పీహెచ్ పట్టీతో చూసుకోండి, బోరు నీళ్ళయితే ఇంకొంచెం పడుతుంది. నిమ్మ ఉప్పు బదులు నిమ్మరసం పిండుతామంటే వద్దు. అందులో విటమిన్ సి ఉంటుంది, అది బెంజోయేట్‌తో చేరితే కొద్దిపాటి బెంజీన్ పుట్టే అవకాశం ఉంది. కూల్‌డ్రింకుల్లో ఈ గొడవ ఎప్పటి నుంచో ఉన్నదే.

ప్రిజర్వేటివ్ వేయడం ఇష్టం లేదు. ఫ్రిజ్‌లో పెడితే ఎన్నాళ్ళు?

అయిదు రోజులు, మహా అయితే వారం. కొంచెం కొంచెం చేసుకోండి, శుభ్రమైన చెంచాతోనే తీసుకోండి. లేదంటే ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించి రోజుకో ముక్క తీసుకోండి. నూనె, మైనం జెల్లీకి ఈ బెంగ లేదు, తడి వేళ్ళు పెట్టకపోతే ఆరు నెలలైనా ఉంటుంది.

డాబా మీద మల్లెలు విరగబూశాయి. వాటితోనే జెల్ చేయొచ్చా?

అందరికీ ఉండే కోరికే ఇది. మల్లెని నీళ్ళలో మరిగించినా, నూనెలో కాచినా వచ్చేది మల్లె వాసన కాదు, ఉడికిన ఆకుకూర వాసన. గులాబీ ఆవిరికి తట్టుకుంటుంది, మల్లె తట్టుకోదు. అందుకే ఫ్యాక్టరీల్లో కూడా మల్లె వాసనని ద్రావకాలతో తీస్తారు.

కానీ మల్లెకి ఒక గొప్ప గుణం ఉంది. తెంపాక కూడా రాత్రంతా వాసన పుట్టిస్తూనే ఉంటుంది. ఫ్రాన్స్‌లో గ్రాస్ అనే ఊళ్ళో ఆ గుణాన్నే పట్టుకుని, గాజు పలకల మీద కొవ్వు పూసి, దానిమీద పూలు పరిచి, రోజూ మార్చేవారు. ఉత్తరాదిలో కొవ్వు బదులు నువ్వులు వాడారు. నువ్వుల పొర, పూల పొర వేస్తూ, పూలు మారుస్తూ, చివరికి ఆ నువ్వులనే గానుగాడితే చమేలీ నూనె.

ఇంట్లో గానుగ కుదరదు కాబట్టి కొవ్వు దారే. కొబ్బరినూనె అయితే మల్లెల కాలానికి ద్రవంగా ఉంటుంది, పూలు మునిగిపోతాయి. వాసన లేని రిఫైన్డ్ కొబ్బరినూనెలో పదో వంతు తేనె మైనం కరిగించి, వెడల్పు గాజు పళ్ళెంలో పలచగా పోసి ఆరనివ్వండి. సాయంత్రం విచ్చబోయే మొగ్గల్ని కోసి, బోర్లా పరిచి, పైన ఇంకో పళ్ళెం మూత పెట్టండి. మర్నాడు సాయంత్రం అవి తీసేసి కొత్తవి. ఇలా పది పన్నెండు సార్లు. మొగ్గల మీద తడి ఉండకూడదు. బజారులో కొన్న మల్లెల మీద నీళ్ళు చల్లి ఉంటారు, అవి వాడితే మూడో రోజుకే బూజు. పెరటివయితే నీళ్ళు పోయకముందు కోయండి.

వచ్చేది నేరుగా జెల్లీయే. వాసన గాఢంగా ఉండదు, జడలో నిన్నటి దండ మిగిల్చినంత ఉంటుంది. ఆశ తగ్గించుకుని మొదలుపెడితే నచ్చుతుంది.

ఏ సెంటు కొనాలి? అగరుబత్తీల సెంటు వాడొచ్చా?

అగరుబత్తీల సెంటు ఒంటికి వద్దు. దాన్ని పలచన చేయడానికి డీఈపీ లాంటి ద్రావకాలు కలుపుతారు, మోతాదులు చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని వేసినవి కావు. గది జెల్‌కి ఫర్వాలేదు. కొవ్వొత్తులకని అమ్మేదానికీ ఇదే వర్తిస్తుంది. "కాస్మెటిక్ గ్రేడ్" అని రాసి, దేనికి ఎంత శాతం వాడొచ్చో చెప్పే అమ్మకందారు దగ్గర తీసుకోండి.

అత్తరు కావాలంటే హైదరాబాద్ చార్మినార్ చుట్టుపక్కల దుకాణాల్లో కూర్చుని, మణికట్టు మీద రాయించుకుని, గంట తిరిగొచ్చి మళ్ళీ వాసన చూసి కొనడం ఒక ముచ్చట. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో నేటికీ డేగ్ అనే పెద్ద రాగి పాత్రల్లో పూలని ఉడికించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టి అత్తరు తీస్తారు. గంధం నూనె ధర తెలిసినవాళ్ళకి, వంద రూపాయల సీసాలో అసలు గంధపు అత్తరు ఉండదని వేరే చెప్పక్కర్లేదు. దొరికే చవకవాటిలో పారఫిన్ నూనె ఎక్కువ. మైనం జెల్లీలో అదీ బాగానే కలుస్తుంది, అసలుదని నమ్మి డబ్బు పోసుకోవద్దనే నా బాధ.

ఎన్ని చుక్కలు వేయాలి?

సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. డ్రాపర్‌ని బట్టి మారుతుంది, కాబట్టి తూచడమే నయం. ఒళ్ళంతా రాసుకునే జెల్ అయితే ఒక శాతం చాలు. మణికట్టుకి, చెవుల వెనక చుక్క పెట్టుకునే మైనం జెల్లీ అయితే పది పన్నెండు శాతం దాకా వెళ్ళొచ్చు. అదీ అత్తర్లకి, కాస్మెటిక్ సెంట్లకి. దాల్చిన చెక్క, లవంగం లాంటి ఘాటు నూనెలకి ఈ లెక్క వర్తించదు. అవి అరశాతం కూడా ఎక్కువే.

నిమ్మజాతి నూనెలతో ఇంకో ప్రమాదం ఉంది. తొక్కని నొక్కి తీసిన నిమ్మ, బెర్గమాట్ నూనెలు రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి నల్లమచ్చలు పడతాయి. బెర్గమాట్‌కి అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ పెట్టుకున్న హద్దు 0.4 శాతం. మన ఎండకి నేనయితే ఒంటి జెల్‌లో వాటి జోలికే పోను. ఆవిరితో తీసిన నిమ్మ నూనెకి ఆ భయం లేదు.

ఏది చేసినా మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడండి.

శానిటైజర్‌లోనో, స్పిరిట్‌లోనో సెంటు కలిపితే సులువు కదా?

స్పిరిట్ వద్దు. పాలిష్ పనికి అమ్మే స్పిరిట్‌లో మిథనాల్ ఉండొచ్చు, చర్మం నుంచి కూడా లోపలికి పోతుంది. శానిటైజర్ జెల్‌లో సెంటు కలిపితే కాసేపు బాగానే ఉంటుంది, కానీ రోజూ మెడకి రాస్తే చర్మం ఎండి మండుతుంది. జాంథన్ జెల్‌లో ఆల్కహాల్ సగం దాటితే దారాలు దారాలుగా విరుగుతుంది. అగర్, జెలటిన్ ఇంకా ముందే విరుగుతాయి.

వాసన గంటలోనే పోతోంది. ఎలా నిలబెట్టాలి?

నిమ్మ, నారింజ, పుదీనా తేలికవి, ఎగిరిపోతాయి. వట్టివేరు, గంధం, పచ్చౌలి, దేవదారు బరువైనవి. సెంటులో మూడో వంతయినా బరువైనది ఉంటే మిగతావాటిని కొంచెం పట్టి ఉంచుతుంది. నాకు వట్టివేరు ఇష్టం, చిన్నప్పుడు కిటికీలకి కట్టి నీళ్ళు చల్లిన తడికల వాసన అదే. పొడి చర్మం మీద ఏదీ నిలవదు. ముందు కాస్త నూనో క్రీమో రాసి, దానిమీద జెల్ రాయండి. వాసన నిలవాలంటే నీళ్ళ జెల్ కంటే మైనం జెల్లీ ఎప్పుడూ నయమే.

పూర్వం దీనికోసమే పునుగు, జవ్వాజి, కస్తూరి వాడేవారు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పునుగు తైలం పూయడం ఇప్పటికీ ఉంది. బయట మనకి కస్తూరి అని అమ్మేది మాత్రం ఫ్యాక్టరీలో తయారైన మస్క్. కస్తూరి మృగం చట్టం కాపాడుతున్న జంతువు, అసలుది అమ్మితే నేరం.

రంగు దేనితో వేయాలి?

గది జెల్‌కి ఫుడ్ కలర్ ఒకటి రెండు చుక్కలు. పసుపు వేస్తే వెలుగుకి వెలిసిపోతుంది, బట్టలకి మరక. బీట్‌రూట్ వారంలో గోధుమరంగుకి తిరుగుతుంది. శంఖుపుష్పం నీళ్ళు మాత్రం భలే ఉంటాయి, నీలంగా మొదలై నిమ్మ ఉప్పు పడగానే ఊదాగా మారతాయి. ఒంటి జెల్‌కి రంగెందుకు, వద్దు.

ఇంట్లో చిన్నపిల్లలు, కుక్క, పిల్లి ఉన్నాయి. ఏం జాగ్రత్త?

ఇది చూడ్డానికి తినే జెల్లీలాగే ఉంటుంది, తియ్యటి వాసన కూడా. అందని ఎత్తులో, చిల్లుల మూత బిగించిన సీసాలో పెట్టండి. కర్పూరం కలపమని చాలామంది సలహా ఇస్తారు. చిన్నపిల్లలు కర్పూరం కొద్దిగా మింగినా మూర్ఛ రావొచ్చు, కాబట్టి పిల్లలున్న ఇంట్లో అది వద్దు. నాఫ్తలీన్ గోలీలు పొడిచేసి కలపడం ఇంకా ఘోరం. నీళ్ళలో ఉబ్బే రంగురంగుల ప్లాస్టిక్ ముత్యాలు కొందరు అలంకారానికి వేస్తారు. పిల్లలు మింగితే పేగులో ఉబ్బి అడ్డం పడతాయి. టీ ట్రీ నూనె పిల్లులకీ కుక్కలకీ విషం. ఉబ్బసం ఉన్నవాళ్ళ పడగ్గదిలో ఏ సెంటూ వద్దు.

ఏ డబ్బాల్లో పోయాలి?

నీళ్ళ జెల్‌కి గాజు సీసా, మైనం జెల్లీకి అల్యూమినియం డబ్బా. యూజ్ అండ్ త్రో ప్లాస్టిక్ గ్లాసులు వద్దు. నారింజ నూనె చుక్క థర్మోకోల్ మీద వేసి చూడండి, కరిగి గుంట పడుతుంది. పల్చటి ప్లాస్టిక్ కూడా అలాగే పెళుసుబారుతుంది. గాజు సీసాని వేడినీళ్ళలో మరిగించి, పూర్తిగా ఆరాకే నింపండి.

బాగా కుదిరింది, అందరూ అడుగుతున్నారు. అమ్మొచ్చా?

గది జెల్ సంగతి వేరు. ఒంటికి రాసుకునేది చట్టం దృష్టిలో కాస్మెటిక్. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారుచేసి అమ్మాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల లైసెన్సు కావాలి. వంటింట్లో చేసి ఇన్‌స్టాలో అమ్మడానికి అది దొరకదు. ఇప్పటికే లైసెన్సున్న యూనిట్‌తో మీ కొలతల ప్రకారం చేయించుకునే దారి ఒకటుంది. చుట్టాలకి ఊరికే ఇచ్చేటప్పుడైనా సీసా మీద చేసిన తేదీ, వేసిన సరుకుల పేర్లు రాసివ్వండి. మా వదిన సీసా తర్వాత నాకు అలవాటైంది అది.